రోజువారీ పనుల మధ్య ప్రార్థన: కతోలిక కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఆదివారం పూజ (మాస్) ముగిశాక గుడి (చర్చి) ఆవరణలో, సత్యోపదేశం క్లాసుకు పిల్లల్ని దింపడానికి వచ్చినప్పుడు గేటు దగ్గర, తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలివి. కర్నూలు, అనంతపురం వైపు చుట్టాలు ఫోన్లో అడిగినవి కూడా కొన్ని కలిపాను. నేను మఠంలో ఉండే సిస్టర్‌ను కాదు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్న మామూలు విశ్వాసిని. శ్రీసభ (కతోలిక చర్చి) నియమమైతే నియమమనే రాశాను, నా అభిప్రాయమైతే అది తెలిసేలా రాశాను. మీ పరిస్థితి వేరుగా ఉంటే మీ విచారణ (పారిష్) గురువులను అడగండి.

పొద్దున లేస్తే పరుగే. ప్రార్థనకు టైం ఎక్కడ దొరుకుతుంది?

విడిగా దొరకదు. పిల్లలు పెద్దయ్యాక, రిటైరయ్యాక చూద్దామనుకుంటే ఏళ్లు గడిచిపోతాయి. అందుకే ఎప్పుడైనా సరే, తీరిక కోసం ఎదురుచూడొద్దని, ఇప్పటికే తప్పకుండా చేసే పనికి ఒక చిన్న జపం జోడించమని చెబుతాను. పాలు పొయ్యి మీద పెట్టారా, పొంగేలోపు పరలోక జపం. మోటరు వేశారా, ట్యాంకు నిండేలోపు పది మంగళవార్త జపాలు (మరియమ్మకు చెప్పే జపం). పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించేముందు వాళ్ల నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు. సంగటి కెలికేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు కానీ నోరు ఖాళీయే కదా.

ఇది ప్రార్థనను చులకన చేయడం కాదా అని ఒకరిద్దరు అడిగారు. కాదు. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెల్ మఠం వంటగదిలో బ్రదర్ లారెన్స్ అనే మఠవాసి ఏళ్లతరబడి వండుతూ, కడుగుతూ, ఆ పనుల్లోనే దేవుని సన్నిధిలో బతకడం నేర్చుకున్నాడు. ఆవిలాపురి పునీత తెరెసమ్మ కూడా తన సిస్టర్లకు ఇదే రాసింది: వంటింట్లో పని పడితే దిగులు పడకండి, కుండల మధ్య కూడా ప్రభువు తిరుగుతాడని.

అయితే పనితో పాటు చెప్పే జపాలు మాత్రమే సరిపోవని నా గట్టి నమ్మకం. రోజులో ఏదో ఒకచోట, ఐదు నిమిషాలే అయినా సరే, చేతిలో పని లేకుండా, ఫోన్ పక్కన పెట్టి ఆయన ముందు కూర్చోవాలి. ఇంట్లో అందరికంటే ముందు లేచేవాళ్లకు తెల్లవారుజాము బాగుంటుంది. రాత్రి కూర్చుంటే నిద్ర వస్తుందంటారా? మధ్యాహ్నం ఆఫీసులో టిఫిన్ బాక్సు తెరిచే ముందు కూర్చోండి. గంట ముఖ్యం కాదు, రోజూ అదే గంట కావడం ముఖ్యం.

లేవగానే ఏం చెప్పాలి?

సిలువ గుర్తు. పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం. ఆ తర్వాత మీ సొంత మాటల్లో, "ప్రభువా, ఈ రోజు నా పనులు, నా మాటలు, నాకు వచ్చే కష్టం, సంతోషం అన్నీ మీకు అర్పిస్తున్నాను." అంతే. పెద్ద పుస్తకం తెరవాల్సిన పనిలేదు.

రోజూ జపమాల మొత్తం చెప్పి తీరాలా?

చెప్పి తీరాలనే నియమం లేదు. ఆదివారం పూజ విధి. జపమాల ప్రేమతో చేసే భక్తి. ఈ తేడా తెలియక చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, ఒక రోజు తప్పితే ఏదో కీడు జరుగుతుందని భయపడుతున్నారు. ఆ భయం దేవునిది కాదు. జపమాల తప్పిందని మరియమ్మ ఎవరి మీదా కోపగించుకోదు.

ఐదు రహస్యాలూ (యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు, ఒక్కోదానికి పది మంగళవార్త జపాలు) కలిపి చెబితే ఇరవై నిమిషాలు పడుతుంది. ఒకేసారి కుదరనివాళ్లు విడదీసి చెప్పవచ్చు. పొద్దున ఒక రహస్యం, బస్టాపులో ఒకటి, సాయంత్రం అందరూ కలిసి తక్కినవి. అది కూడా కుదరనిరోజు ఒక్క రహస్యం చాలు.

కానీ హడావిడిగా చెప్పడం మాత్రం నాకు నచ్చదు. కొన్ని ఇళ్లలో "దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని ముందు చెప్పేవాళ్లు ముగించకముందే "పరిశుద్ధ మరియమ్మా" అని రెండోవాళ్లు అందుకుంటారు. మాట మాటమీద పడి ఏదీ వినబడదు. జపమాలలో అసలు పని రహస్యాన్ని ధ్యానించడం. మరియమ్మ ఎలిజబెత్తమ్మను చూడటానికి కొండదారిన నడిచి వెళ్లింది, యేసు సిలువ మోశాడు, సమాధి ఖాళీ అయ్యింది, ఇవి కళ్లముందు కదలాలి. పూసలు చేతికి, మాటలు నోటికి పని చెబితే మనసు యేసు జీవితాన్ని చూడటానికి వీలవుతుంది. యాభై మూడు మంగళవార్త జపాలు ఉరుకుతూ చెప్పడం కంటే పది నిదానంగా చెప్పడం మేలు.

ఏ రోజు ఏ రహస్యాలు?

సోమవారం, శనివారం సంతోష రహస్యాలు. మంగళవారం, శుక్రవారం దుఃఖ రహస్యాలు. బుధవారం, ఆదివారం మహిమ రహస్యాలు. గురువారం వెలుగు రహస్యాలు. ఈ చివరివాటిని 2002లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు కలిపారు, అందుకే పాత జపపుస్తకాల్లో కనిపించవు. మీ జేజి గురువారం సంతోష రహస్యాలే చెబుతానంటే సరిదిద్దకండి. అదేం తప్పు కాదు.

బస్సులో, బైకు మీద చెప్పుకోవచ్చా?

బస్సులో హాయిగా చెప్పుకోండి. కడప నుంచి కర్నూలు దాకా కూర్చుంటే జపమాల ఒకటి కాదు, నాలుగు చెప్పవచ్చు. జపమాల వెంట లేకపోతే దేవుడిచ్చిన పది వేళ్లు ఉన్నాయి. బైకు మీద మాత్రం హ్యాండిల్‌కు జపమాల చుట్టి పూసలు జరపొద్దు. బండి నడిపేటప్పుడు కళ్లు, చెవులు రోడ్డు మీద ఉండటమే ఎదుటివాడి ప్రాణం పట్ల మీ ధర్మం. బయలుదేరేటప్పుడు సిలువ గుర్తు వేసుకోండి, హెల్మెట్ పెట్టుకోండి.

షిఫ్టు డ్యూటీ మాది. త్రికాల జపం ఎలా?

ముద్దనూరు దగ్గర థర్మల్ స్టేషన్‌లో, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల ఇళ్లలో ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు అనేది ఆచారంగా వచ్చిన వేళ. నైట్ డ్యూటీ చేసి పొద్దున ఆరింటికి బస్సెక్కేవాళ్లు అప్పుడే చెప్పుకోవచ్చు, పడుకుని లేచాక కూడా చెప్పుకోవచ్చు. నాకైతే పన్నెండు గంటల జపం చాలా ఇష్టం. పని మంచి ఊపులో ఉండగా ఒక్క రెండు నిమిషాలు ఆపి, "వాక్కు మానవుడై మన మధ్య నివసించెను" అని గుర్తు చేసుకోవడం వల్ల ఆ మిగతా సగం రోజు వేరేగా నడుస్తుంది. పాస్కా (ఈస్టర్) కాలంలో త్రికాల జపానికి బదులు పరలోక రాణి జపం చెబుతారు.

పిల్లలు కుదురుగా కూర్చోరు. కొట్టి కూర్చోబెట్టాలా?

వద్దు. దెబ్బలతో నేర్పిన జపాన్ని పద్దెనిమిదేళ్లు రాగానే వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్లు మన విచారణల్లోనే కనబడతారు.

ఐదేళ్ల లోపు పిల్లలకు ఐదు నిమిషాలు చాలు. కొవ్వొత్తి వెలిగించే పని ఒకరికి, రహస్యం పేరు చదివే పని ఒకరికి, చివర పాట ఎత్తుకునే పని ఒకరికి ఇవ్వండి. ఎవరికోసం ప్రార్థించాలో వాళ్లనే చెప్పనివ్వండి. పక్కింటి కుక్కపిల్ల కాలు విరిగిందని చెబుతారు. నవ్వకండి. ఆ కుక్కపిల్ల కోసం నిజంగానే ప్రార్థించండి. తన చిన్న బాధ దేవుడికి చెప్పుకోవచ్చని ఆ రోజు ఆ బిడ్డ నేర్చుకుంటుంది.

పదిహేనేళ్ల పిల్లాడి సంగతి వేరు. వాడు మంచం మీద ఫోన్ పట్టుకుని ఉంటే, "రారా, ఒక్క రహస్యం చెప్పి పో" అనండి. వస్తే సంతోషం. రాకపోతే మీరు మానొద్దు. గోడ అవతల నుంచి అమ్మానాన్నల గొంతు రోజూ వినబడటమే పెద్ద ఉపదేశం. ముఖ్యంగా నాన్నలకు ఒక మాట. మన ఇళ్లలో ప్రార్థన ఆడవాళ్ల పని అనే అలవాటు పాతుకుపోయింది. నాన్న మోకరించడం చూసిన పిల్లవాడికి ఇక వేరే వివరణ అక్కర్లేదు.

రాయలసీమ పల్లెల్లోంచి ఏం వస్తుంది అనుకునే పిల్లలకు నేను పూల ఆంతోని గారి గురించి చెబుతుంటాను. కర్నూలు జిల్లా పోలూరులో 1961లో పుట్టి, కడప మేత్రాసనం (డయోసిస్)లో 1992లో గురువై, 2008లో కర్నూలు పీఠాధిపతి (బిషప్) అయ్యారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్ ఆయనే. 2025లో లియో పోపుగారిని ఎన్నుకున్నవారిలో ఆయనా ఉన్నారు.

అత్తగారింట్లో నేనొక్కదాన్నే కతోలికురాలిని. ఎలా ప్రార్థించుకోను?

ఈ ప్రశ్న గుడి ఆవరణలో ఎవరూ గట్టిగా అడగరు. అందరూ వెళ్లాక ఆగి, మెల్లగా అడుగుతారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మొదట, మీరు ఒంటరి కారు. పునీత మోనికమ్మ భర్త పత్రీసియుస్ క్రైస్తవుడు కాదు, పైగా కోపిష్టి. ఆమె ఏళ్లతరబడి ఓపిగ్గా ప్రార్థించింది. చనిపోయేముందు ఆయన జ్ఞానస్నానం పొందాడు. కొడుకు అగుస్తీను 387లో పొందాడు. ఆమె వాళ్లతో రోజూ వాదించి గెలిచింది కాదు. ఆమె బతుకు చూసి వాళ్లు మారారు.

అందుకే ఇంట్లో గొడవ పెట్టుకోవద్దు. అత్తమ్మ పూజగది గురించి ఒక్క తక్కువ మాట కూడా రానివ్వొద్దు. మీ విశ్వాసానికి గౌరవం కావాలంటే వాళ్ల విశ్వాసాన్ని ముందు మీరు గౌరవించాలి. ఆరోగ్యమాత పండుగకు మన గుడికి కొవ్వొత్తి పట్టుకుని వచ్చేవాళ్లలో హిందువులు, ముస్లింలు ఎంతమంది ఉంటారో కడపవాళ్లకు చెప్పక్కర్లేదు. మీ బీరువాలో ఒక అరలో చిన్న సిలువ, జపమాల, పరిశుద్ధ గ్రంథం పెట్టుకోండి. పిల్లలకు జోకొట్టేటప్పుడు మంగళవార్త జపం లాలిపాటలా పాడండి. ఆదివారం పూజకు వెళ్లే విషయం మాత్రం భర్తతో నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడుకోండి. దొంగచాటుగా వెళ్లడం మొదలుపెడితే అనుమానాలకు దారి తీస్తుంది.

పెళ్లి గుడిలో, మేత్రాసన అనుమతితో జరిగి ఉంటే, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి శక్తిమేరకు ప్రయత్నిస్తానని మీరు మాట ఇచ్చి ఉంటారు. ఆ మాట సంగతి భర్తకూ తెలిపి ఉంటారు. పెళ్లి రిజిస్ట్రార్ ఆఫీసులోనో, హిందూ పద్ధతిలోనో జరిగితే, దివ్యసత్ప్రసాదానికి (కమ్యూనియన్) దూరంగా ఉండిపోయి ఏడవకండి. విచారణ గురువులను కలవండి. వివాహాన్ని శ్రీసభలో సరిచేసుకునే మార్గాలు ఉన్నాయి. పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచాక కూడా చేసుకున్నవాళ్లు ఉన్నారు.

సీఎస్ఐ (ప్రొటెస్టంట్) చుట్టాలు "మీ ఆర్సీఎంవాళ్లు మరియమ్మను పూజిస్తారు" అంటారు. ఏం చెప్పాలి?

ఆరాధన దేవునికి ఒక్కరికే. మరియమ్మను గౌరవిస్తాం, మా కోసం ప్రార్థించమని అడుగుతాం. మంగళవార్త జపంలో మొదటి సగం లూకా సువిశేషం మొదటి అధ్యాయంలోని దేవదూత మాటలు, ఎలిజబెత్తమ్మ మాటలు. రెండో సగంలో మనం అడిగేది ఒక్కటే, "మా కొరకు ప్రార్థించండి" అని. అంతవరకు చెప్పి ఊరుకోండి. పెళ్లింట్లో భోజనాల దగ్గర ఈ వాదన పెంచొద్దు. వాళ్లు మనకంటే ఎక్కువగా పరిశుద్ధ గ్రంథం చదువుతారు, అది వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన విషయం. కలిసి ప్రార్థించాల్సి వస్తే కీర్తనలు, పరలోక జపం ఇద్దరివీ.

పరిశుద్ధ గ్రంథం ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

మార్కు సువిశేషం నుంచి. 16 అధ్యాయాలే. రోజుకొకటి చదివినా పక్షం రోజుల్లో దాదాపు అయిపోతుంది. తర్వాత ఆ రోజు పూజలో చదివే సువిశేషం చదువుకోండి, అప్పుడు ప్రపంచమంతటి కతోలికులతో కలిసి చదివినట్టవుతుంది. కొనేటప్పుడు 73 గ్రంథాలున్న కతోలిక అనువాదమో కాదో చూసుకోండి. చదవడం రాని పెద్దవాళ్లకు మనవరాలి చేత చదివించండి, ఇద్దరికీ మంచిది.

మా ఊరికి ఫాదర్ గారు నెలకు రెండుసార్లే వస్తారు. తక్కిన ఆదివారాలు యూట్యూబ్‌లో పూజ చూస్తే చాలదా?

అవిభక్త కర్నూలు, అనంతపురం జిల్లాలు కలిపి 1967లో కర్నూలు మేత్రాసనమైంది. కడప, చిత్తూరు కలిపి 1976లో కడప మేత్రాసనమైంది. ఎంత విస్తీర్ణమో చూడండి. ఒక్కో గురువు పది పన్నెండు పల్లెలు తిరగాల్సి వస్తే ప్రతి ఊరిలో ప్రతి ఆదివారం పూజ ఎలా కుదురుతుంది?

నియమం ఇది: ఆదివారం గానీ శనివారం సాయంత్రం గానీ పూజలో పాల్గొనాలి. పూజ అందుబాటులో లేకపోతే, జబ్బు చేస్తే, చంటిబిడ్డను చూసుకోవాల్సి వస్తే ఆ విధి వర్తించదు. అది పాపం కాదు. గురువు రాని ఆదివారం ఊళ్లో వాక్య ఆరాధన జరిపితే దానికి వెళ్లమని శ్రీసభ ప్రత్యేకంగా కోరుతోంది. ఉపదేశి గారు సువిశేషం చదివి, నాలుగు మాటలు చెప్పి, జపాలు చెప్పించే ఆ గంటను తక్కువగా చూడొద్దు. మన పల్లెల్లో విశ్వాసం నిలిచింది ఉపదేశుల కాళ్ల మీదే. కాన్వెంటు లేని ఊళ్లలో, రోడ్డు లేని ఊళ్లలో, తక్కువ జీతానికి, సైకిల్ మీద తిరిగి జపాలు నేర్పింది వాళ్లే.

యూట్యూబ్ పూజ మంచంలో ఉన్న అమ్మకు ఓదార్పు. నడవగలిగినవాళ్లకు అది పూజకు బదులు కాదు. పక్క ఊరి గుడికి ఆటో మాట్లాడుకుని నాలుగు కుటుంబాలు కలిసి వెళ్లగలిగితే అంతకంటే మంచిది లేదు.

కువైట్‌లో ఇంటిపని. బయటికి పంపరు. నా ఆదివారాలు ఏమైపోతాయి?

రాజంపేట, రాయచోటి వైపు నుంచి వెళ్లిన అక్కచెల్లెళ్ల ప్రశ్న ఇది. వెళ్లలేని చోట విధి లేదు, కాబట్టి ఆ అపరాధ భావం ఈరోజే దించేయండి. సెలవు దొరికేవాళ్లు గుర్తుంచుకోండి, అక్కడ వారపు సెలవు శుక్రవారం కాబట్టి కతోలికులు ఎక్కువగా ఆ రోజే పూజకు వెళ్తారు. బయటికి రాలేనివాళ్లు, "ప్రభువా, మిమ్మల్ని స్వీకరించలేకపోతున్నాను, నా హృదయంలోకి రండి" అని చెప్పుకోండి. దాన్ని ఆత్మీయ సత్ప్రసాద స్వీకారం అంటారు. మనకు రాత్రి తొమ్మిదైతే అక్కడ ఆరున్నర. ఇంట్లోవాళ్లు జపమాల చెప్పే వేళకు వీడియో కాల్ కలిపితే పిల్లలు అమ్మ గొంతుతో పాటు జపం చెబుతారు.

మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్తే పిల్లల మొదటి దివ్యసత్ప్రసాదం క్లాసులు పోతాయి కదా?

కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి ఏటా వెళ్లే కుటుంబాలు బయలుదేరేముందు ఫాదర్ గారికి చెప్పండి. ఆయన అక్కడి విచారణకు ఒక చీటీ రాసిస్తే పిల్లలు అక్కడ క్లాసులో కూర్చోవచ్చు. కోతలు తరచుగా తపస్సుకాలంలోనే (ఈస్టర్‌కు ముందు నలభై రోజులు) పడతాయి. గుడారాల దగ్గర శుక్రవారం సాయంత్రం నలుగురు కూర్చుని సిలువ మార్గం చెప్పుకోవడానికి పద్నాలుగు స్థలాల పుస్తకం ఒక్కటుంటే చాలు.

పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసి ఏళ్లయింది. ఫాదర్ గారు మాకు బాగా తెలిసినవారు. సిగ్గుగా ఉంది.

సిగ్గు సహజం. కానీ ఒక విషయం తెలుసుకోండి. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఏ కారణంతోనూ, ఎవరికీ, ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. కావాలని బయటపెడితే శ్రీసభ నుంచి వెలివేత పడుతుంది. అయినా తెలిసిన గురువు వద్దనిపిస్తే వేరే విచారణకు వెళ్లండి. గుణదలకో, వేళాంగణికో యాత్రకు వెళ్లినప్పుడు చేయండి. ఎవరూ తప్పు పట్టరు.

ఎలా మొదలుపెట్టాలో మరిచిపోయామంటారు చాలామంది. "ఫాదర్, చాలా ఏళ్లయింది, ఎలా చెప్పాలో తెలియడం లేదు, సాయం చేయండి" అనండి. అంతకంటే మంచి మొదలు లేదు. ముందురోజు రాత్రి ఆత్మశోధన చేసుకోండి. పది ఆజ్ఞలు ఒక్కొక్కటి చదివి ఆగండి. "అబద్ధం చెప్పాను" అని మాత్రమే కాదు, ఆ అబద్ధం ఎవరికి నష్టం చేసిందో చూడండి. పొలం గట్టు జరిపిన తగాదా, తోడికోడలితో ఆపేసిన మాటలు, కూలీలకు ఎగ్గొట్టిన డబ్బు, ఇవి మన ఊళ్లలో మోకాళ్ల మీద ఎక్కువగా ఒప్పుకోవాల్సిన విషయాలు. వాటిని ఒప్పుకుని ఊరుకుంటే చాలదు. డబ్బు తిరిగి ఇవ్వాలి, తోడికోడలి గడప తొక్కాలి.

ఘోరపాపం ఉంటే ఏడాదికి ఒక్కసారైనా చేయడం నియమం. నెలకొకసారి వెళ్లమని నేను చెబుతాను. నెలలో మొదటి శుక్రవారం పూజకు వెళ్లే అలవాటున్నవాళ్లకు అది తేలిక.

మన ఎండల్లో తపస్సుకాల ఉపవాసం ఎలా? షుగర్ ఉంది.

ఉపవాసం విధిగా ఉన్నవి రెండే రోజులు, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి 59 ఏళ్లు నిండేవరకు. ఒక పూట కడుపునిండా, మిగతా రెండు పూటలు కొద్దిగా తినవచ్చు. ఆ రోజుల్లో 14 ఏళ్లు నిండినవాళ్లంతా మాంసం మానాలి. మంచినీళ్లకు అడ్డు లేదు. కర్నూలు ఎండలో నీళ్లు కూడా తాగకుండా సిలువ మార్గం నడిచి సొమ్మసిల్లడాన్ని శ్రీసభ ఎవరినీ కోరలేదు.

షుగర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, బాలింతలకు, ఎండలో కూలిపని చేసేవాళ్లకు ఉపవాసం విధి కాదు. మాత్రలు, ఇన్సులిన్ వేళకు తీసుకోండి, తినండి. ఫోన్, సీరియల్, చాడీలు మానడం మీ ఉపవాసం. మానిన దాని డబ్బు లేనివాళ్లకు చేరాలి. అది చేరకపోతే మిగిలింది పొదుపే.

ప్రార్థనలో మనసు నిలవదు. ఏళ్ల నుంచి ఏమీ అనిపించడం లేదు.

మనసు నిలవకపోవడం వేరు, ఏమీ అనిపించకపోవడం వేరు.

మొదటిదానికి మందు తేలిక. చీటీ డబ్బులు కట్టాలి, పాపకు ఈఏపీసెట్ ర్యాంకు ఎంతొస్తుందో అని మనసు పరుగెత్తిందా, దాన్ని తరమకండి. ఆ చీటీనీ, ఆ పాపనీ ప్రార్థనలోకే తెండి. "ప్రభువా, దీనితో నాకు టెన్షన్‌గా ఉంది" అని చెప్పి, మళ్లీ ఆగినచోట నుంచి అందుకోండి. ఇరవైసార్లు పోతే ఇరవైసార్లు తిరిగి రండి. శ్రీసభ బోధనల గ్రంథమైన సత్యోపదేశం ప్రార్థనను పోరాటమని ఊరికే అనలేదు.

రెండోది లోతైనది. కలకత్తా పునీత తెరెసమ్మ (మదర్ తెరెసా) దశాబ్దాలపాటు దేవుని సన్నిధి అనిపించని చీకటిలో బతికిందని ఆమె ఉత్తరాలు చెబుతున్నాయి. ఆ చీకటిలోనే రోజూ ఆరాధనలో కూర్చుంది, రోజూ రోగుల దగ్గరకు వెళ్లింది. బయటివాళ్లకు తెలియనే తెలియదు. అనుభూతి దేవుడు ఇచ్చే కానుక, ఇచ్చినప్పుడు సంతోషంగా తీసుకుంటాం. ప్రేమ మాత్రం మన నిర్ణయం. ఏమీ అనిపించని రోజున మోకరించినవాళ్లు దేవునికి ఇచ్చేది, కన్నీళ్లు వచ్చిన రోజున ఇచ్చినదానికంటే తక్కువ కాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అయితే తిండి సహించక, నిద్ర పట్టక, దేనిమీదా ఇష్టం లేకుండా వారాలు గడుస్తుంటే అది ప్రార్థన సమస్య కాకపోవచ్చు. డాక్టరును కలవండి.

ఈ ఏడూ వాన లేక శెనక్కాయ పోయింది. నవదిన జపాలు చెప్పాం. దేవుడు వినలేదా?

నీ విశ్వాసం చాలలేదు అని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. గెత్సెమనిలో యేసు కూడా ఆ పాత్ర తొలగించమని అడిగాడు, తొలగలేదు. సిలువ మీద ఆయన నోట వచ్చింది 22వ కీర్తన, "నా దేవా, నా దేవా, నన్నేల విడనాడితివి" అని. కోపంగా ఉంటే కోపంగానే ప్రార్థించండి. 13వ కీర్తన, 88వ కీర్తన అందుకే ఉన్నాయి.

ఎందుకు ఇలా జరిగిందో నేను వివరించలేను, వివరించడానికి ప్రయత్నించేవాళ్ల మాటలు ఆ సమయంలో గాయం మీద కారమే. మీ విచారణలో పేదలకు సాయం చేసే పునీత విన్సెంట్ ది పాల్ సభ ఉంటే వాళ్లకు మీ పరిస్థితి తెలియనివ్వండి, అందులో చిన్నతనం లేదు. అప్పుల బాధతో బతుకు వద్దనిపిస్తే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి. ఇంట్లోవాళ్లను లేపండి, ఫాదర్ గారికి ఫోన్ చేయండి, ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు చేయండి. ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

"ఈ జపం పదిమందికి పంపకపోతే కీడు" అనే వాట్సాప్ మెసేజ్ వచ్చింది.

డిలీట్ చేయండి. పంపినవాళ్లకు కోపం రాకుండా చెప్పండి.

పాత పటాలు, విరిగిన జపమాలలు, ఎండిన మట్టలు ఏం చేయాలి?

ఆశీర్వదించిన వస్తువులను చెత్తబుట్టలో వేయొద్దు. కాల్చి బూడిదను మట్టిలో కలపండి, కాలనివి ఎవరూ తొక్కని చోట పాతిపెట్టండి. మట్టల ఆదివారం మట్టలను మరుసటి ఏడు విభూది బుధవారానికి ముందు గుడిలో ఇస్తే వాటితోనే విభూది చేస్తారు.

చనిపోయినవాళ్ల కోసం ఏం చేయాలి?

వాళ్ల పేరున పూజ చెప్పించండి. నవంబరు 2న సమాధుల దగ్గరకు వెళ్తాం, సున్నం వేస్తాం, పూలు పెడతాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం. అంతటితో ఆపకుండా ఆ నెలంతా రాత్రి జపంలో పేరుపేరునా తలచుకోండి. పిల్లలకు వాళ్ల అబ్బ పేరు, జేజి పేరు అలా తెలుస్తాయి.

అమ్మకు మతిమరుపు. జీవితమంతా జపమాల చెప్పిన మనిషి ఇప్పుడు మా పేర్లే మరిచిపోయింది. ఆమె ప్రార్థన పోయినట్టేనా?

పోలేదు. పక్కన కూర్చుని, ఆమె చిన్నప్పటి పాత మాటల్లోనే, నిదానంగా మంగళవార్త జపం మొదలుపెట్టి చూడండి. మనుషుల పేర్లు మరిచినవాళ్లలో చాలామంది "పరిశుద్ధ మరియమ్మా" దగ్గర అందుకుంటారు. అందుకోకపోయినా ఫర్వాలేదు, ఆమె కోసం మీరు చెప్పండి. మీరు చిన్నప్పుడు మాటలు రాకముందు ఆమె మీ కోసం చెప్పింది. జపమాల చేతిలో పెడితే కొందరు నెమ్మదిస్తారు.

రోగుల అభ్యంగనం (రోగికి నూనె పూసి ఇచ్చే సంస్కారం) చావు ముందు మాత్రమే ఇచ్చేదని మన ఊళ్లలో ఇంకా అనుకుంటున్నారు. ఫాదర్ గారు నూనె సీసాతో వస్తే ఇక అయిపోయిందనే భయం. అది తప్పు. తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లు, వృద్ధాప్యంతో బాగా నీరసించినవాళ్లు, పెద్ద ఆపరేషన్‌కు వెళ్తున్నవాళ్లు తీసుకోవచ్చు. జబ్బు ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు. స్పృహ ఉండగానే పిలవండి. దివ్యసత్ప్రసాదం కూడా ఇంటికి తెచ్చి ఇమ్మని అడగండి. చాలా విచారణల్లో మొదటి శుక్రవారం తెస్తారు, మీ ఇల్లు ఆ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. రోగికి, ఆమెను చూసుకునేవాళ్లకు సత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం అనే నియమం అడ్డు రాదు. ఆమెకు మింగడం కష్టమైతే ముందే చెప్పండి, చిన్న ముక్క ఇచ్చి, గుటకెడు నీళ్లు తాగిస్తారు.